గడప దాటించిన దేవమ్మ

పంపుల ఫ్యాక్టరీ వెనక బస్తీలో నర్సింహమ్మ కనబడకముందే ఆమె బండి చప్పుడు వినబడేది. బండి అంటే ఎడ్లబండి కాదు, తోపుడుబండీ కాదు. ఒక చెక్క పలక, దాని కింద ఫ్యాక్టరీ తుక్కులోంచి ఏరి తెచ్చిన పాత బేరింగులు నాలుగు. నర్సింహమ్మ దాని మీద కాళ్లు ముడిచి కూర్చుని, చేతుల్లో చెరో చెక్కముక్క పట్టుకుని, నేలను వెనక్కి తోస్తూ ముందుకు సాగేది. పొద్దున్నే గరగరమని ఆ చప్పుడు వినిపిస్తే, నర్సింహమ్మ కుట్టుపనికి పోతున్నదని ఆడవాళ్లు చేతిలో పని తొందర చేసుకునేవారు.

ఆమె పుట్టుకతో అలా లేదు. జిన్నారం పక్క పల్లెలో పుట్టి, అందరిలాగే నాట్లకూ కలుపులకూ పోయి, పెళ్లయ్యాక భర్త వెంట ఈ రోడ్డుకు వచ్చింది. వానలు మొహం చాటేసిన ఏడది. పటాన్‌చెరు దాటి సంగారెడ్డి వైపు పోయే దారిలో కేంద్ర ప్రభుత్వం వాళ్లు పంపుల ఫ్యాక్టరీ కడుతున్నారనీ, ఎంతమంది వచ్చినా కూలి దొరుకుతుందనీ విని ఊళ్లకు ఊళ్లే కదిలాయి. అది పందొమ్మిదివందల అరవై అయిదు ఎండాకాలం. నర్సింహమ్మ తల మీద కాంక్రీటు తట్ట పెట్టుకుని పరంజి ఎక్కేది. ఒకనాడు ఆ పరంజి విరిగింది. తట్టతో సహా వచ్చి ఇటుకల కుప్ప మీద పడింది. ప్రాణం మిగిలింది గానీ నడుము కింద ఒళ్లు మళ్లీ కదల్లేదు.

భర్త కొన్నాళ్లు దవాఖానకు వచ్చాడు. గంజి తెచ్చేవాడు, పక్కన కూర్చునేవాడు. తర్వాత రావడం తగ్గింది. ఆ తర్వాత అతను మారుమనువు చేసుకున్నాడన్న కబురు మాత్రం వచ్చింది. నర్సింహమ్మ అతన్ని తిట్టలేదు. "ఇంట్ల పనికి ఒక మనిషి కావాలె గద" అని తనే సర్దిచెప్పుకునేది.

తమ్ముడు చిన్నరాములు ఆమెను తన గుడిసెకు తెచ్చుకున్నాడు. కట్టడం పూర్తయ్యాక అతనికి అదే ఫ్యాక్టరీలో హెల్పరు పని దొరికింది. బేరింగుల బండి చేసిపెట్టింది అతనే. మొదటిరోజు అక్కను దాని మీద కూర్చోబెట్టి, మొహం పక్కకు తిప్పుకుని, "తోసి సూడక్కా" అన్నాడు. ఆమె తోసింది. వాకిలి దాకా వచ్చి వీధిలోకి చూసింది. మంచాన పడ్డ తర్వాత ఆమె తనంతట తాను వీధి చూడటం అదే మొదలు.

పనిలేక కూర్చోవడం ఆమె వల్ల కాలేదు. పాత చీరలు తెచ్చిమ్మని బస్తీ వాళ్లను అడిగి బొంతలు కుట్టడం మొదలుపెట్టింది. గోడ మీద ఆరేసిన ఆ బొంతల్లో ఒకదాన్ని చూసి ఆగిన మనిషి వెంకటరమణమ్మ.

వెంకటరమణమ్మది ఏలూరు దగ్గర పల్లె. భర్త ఫ్యాక్టరీ స్టోర్సులో ఉద్యోగి, క్వార్టర్సులో కాపురం. పిల్లలు బడికి పోయాక పొద్దు గడవక, మరో నలుగురు ఆడవాళ్లను కూడగట్టి కుట్టు కేంద్రం పెట్టింది. అది చూస్తుండగానే పెరిగి, సంగారెడ్డి సహకార కార్యాలయంలో నమోదైన మహిళా సంఘమైంది. ఫ్యాక్టరీ కార్మికులకు కావలసిన కాన్వాసు గ్లౌజులు, పని దుస్తులు ఆ సంఘమే కుట్టిచ్చేది.

"ఈ కుట్టు ఎవరిదమ్మా?" అని అడుగుతూ ఆమె గుడిసె ముందుకు వచ్చింది. పలక మీద కూర్చున్న నర్సింహమ్మను చూసి ఒక్క క్షణం తడబడింది. వెంటనే తేరుకుని, "మిషను మీద కుడతావా?" అంది.

"కాళ్లతోని తొక్కేది నాతోని కాదమ్మా."

"చేత్తో తిప్పే మిషను ఉంది. నేలమీద పెట్టుకుని కుట్టుకోవచ్చు. రేపు రా."

నర్సింహమ్మ మర్నాడు వెళ్లింది. చేతి మిషను ఆమెకు ఇట్టే పట్టుబడింది. పట్టుబడనిది కుట్టు కేంద్రం నడిచే షెడ్డు తలుపు.

ఆ షెడ్డు ఫ్యాక్టరీ కట్టేటప్పుడు సిమెంటు బస్తాలు దాచిన గోడౌను. వాననీరు లోపలికి రాకుండా గడప మోకాలెత్తున పోశారు. దానికి ఒకే రెక్క ఇనుప తలుపు, లోపలికి తెరుచుకునేది. సరుకు పోకుండా ఎప్పుడూ మూసుండాలని దానికి గట్టి స్ప్రింగు బిగించారు. రెండు కాళ్లున్నవాళ్లు ఒక చేత్తో తలుపు తోసి, కాలెత్తి గడప దాటి, వెనకనుంచి తలుపు వీపును కొట్టకముందే లోపలికి జరిగేవారు. నర్సింహమ్మ బండి గడప దగ్గరే ఆగిపోయింది. దాన్ని ఆమె తన ఊరి మాటలో కడప అనేది.

"గీ కడప నాకు పెద్ద గుట్టయిపాయెనమ్మా" అని నవ్వింది మొదటిరోజు. ఆ నవ్వు తర్వాత్తర్వాత తగ్గిపోయింది.

ఆమెను గడప దాటించే పని మొదట్లో ఎవరు దగ్గరుంటే వాళ్లు చేశారు. కొందరు జాలిపడుతూ ఎత్తేవారు, కొందరు విసుక్కుంటూ. తర్వాత దేవమ్మ వచ్చి చేరింది. ఇరవై ఏళ్లు నిండని పిల్ల. తాగి కొట్టే మొగుడి దగ్గర నిలవలేక తల్లి మల్లమ్మ ఇంటికి వచ్చేసింది. తల్లీబిడ్డా బస్తీలోనే ఉండేవారు. దేవమ్మ చేరిన నాటి నుంచి ఆ పని ఇంకెవరి చేతికీ పోలేదు. తను ముందు లోపలికి పోయి, స్ప్రింగు తలుపును వీపుతో ఆనించి ఆపి, వంగి, నర్సింహమ్మ చంకల కింద చేతులు పెట్టి, "ఊఁ, అక్కా" అని ఒక్క ఊపున ఎత్తి లోపల దింపేది. తర్వాత బండిని అందుకునేది. ఇదంతా చేస్తూ నిన్నటి కూర సంగతో, బావి దగ్గర జరిగిన కొట్లాట సంగతో చెబుతూనే ఉండేది. తనను ఎత్తుతున్నారన్న సంగతి నర్సింహమ్మకు ఆ మాటల్లో పడి గుర్తుండేది కాదు.

అయినా మనసులో మాట మనసులో ఉండేది. పగలంతా నీళ్లు తాగేది కాదు. తాగితే బయటికి పోవాలి, పోతే మళ్లీ ఎత్తించుకోవాలి. ఎండాకాలంలో ఒకసారి మిషను మీదే సొమ్మసిల్లి పడిపోయింది. దేవమ్మ మొహాన నీళ్లు చల్లి, సంగతి ఆరా తీసి మండిపడింది.

"నీళ్లు తాగకుంటే సస్తవ్ అక్కా! నిన్ను ఎత్తుడు నాకేం బరువు? నాతోని గింత పరాయితనమా?"

"పరాయితనం గాదే చెల్లె. సిగ్గయితది."

"సిగ్గు గా కడప కట్టినోనికి ఉండాలె" అంది దేవమ్మ, ఆమె నోటికి లోటా అందిస్తూ.

ఆ మాట వెంకటరమణమ్మ చెవిన పడింది. ఆ వారంలోనే ఆమె ఫ్యాక్టరీ సివిల్ ఇంజినీరు రామలింగేశ్వరరావు దగ్గరకు వెళ్లింది. ఆయనదీ కోస్తా జిల్లానే, క్వార్టర్సులో వాళ్ల వెనక వీధి. నిదానస్తుడు, ఎవర్నీ కసరనివాడు. కుర్చీ వేయించి అంతా విన్నాడు.

"మీరు అడిగేది న్యాయమేనండి. వికలాంగుల కోసం కట్టడాలు ఎలా ఉండాలో ఢిల్లీ నుంచి ఒక పుస్తకం కూడా వచ్చింది. తలుపు ఎంత వెడల్పు ఉండాలి, గడప ఎంత మించకూడదు, అన్నీ రాశారు. కానీ అవి సలహాలేనండి, ఉత్తర్వులు కావు. పైగా ఆవిడ మా ఉద్యోగి కాదు కదా. మీ సంఘం రాష్ట్ర ప్రభుత్వానిది. వాళ్లు రాసిస్తే నేను పైకి పంపిస్తాను."

వెంకటరమణమ్మ బస్సెక్కి సంగారెడ్డి వెళ్లింది. అక్కడి సహకార అధికారి ఆమె చెప్పింది విని తల గోక్కున్నాడు.

"సంఘం మాదేనమ్మా, కాదనను. గోడ మాది కాదు. కేంద్రం వాళ్ల గోడ మీద మేమెట్ల చెయ్యి పెడ్తం? రేపు మా మీదికి వస్తది. వాళ్లనే అడుగుండ్రి."

వాళ్లను అడిగితే వీళ్లు, వీళ్లను అడిగితే వాళ్లు. ఫ్యాక్టరీల తనిఖీకి వచ్చిన ఇంకో అధికారిని ఆపి అడిగితే, చేతి మిషన్ల షెడ్డు మా కిందికి రాదని చెప్పి జీపెక్కాడు. వెంకటరమణమ్మ తనే ఒక వాలు పలక చేయించి గడప మీదుగా లోపలికి వచ్చేలా వేసింది. పలక అడ్డం వల్ల తలుపు మూతపడటం లేదని కాపలావాడు దాన్ని తీసి గోడ పక్కన పడేశాడు. మళ్లీ పెట్టింది. మళ్లీ తీశాడు. అతని పై అధికారి అతన్ని తిడుతున్నాడట. నాలుగైదుసార్లు అయ్యాక ఆ పలక ఏ పొయ్యిలోకి పోయిందో తెలియలేదు.

చిన్నరాములుకు కోపమొచ్చింది. "అక్కా, నాకు రెండు గంటలు సాలు. సుత్తె, ఉలి తెస్త. గా కడపను నేలమట్టం చేస్త. ఎవడొస్తడో సూస్త."

నర్సింహమ్మ అతని చెయ్యి పట్టుకుంది. "సర్కారు గోడ పగలగొడితే నీ నౌకరి పోతది తమ్మీ. ఊకో. దేవమ్మ ఉన్నది గద."

అలా దేవమ్మ ఉన్నదన్న ధీమాతోనే మూడు నాలుగేళ్లు గడిచిపోయాయి. రామలింగేశ్వరరావు కనబడినప్పుడల్లా, "పైకి రాశానమ్మా, ఇంకా రాలేదు" అనేవాడు. అబద్ధం కాదు, నిజంగానే రాశాడు. సంగారెడ్డి నుంచి కూడా ఏదో కాగితం ఎటో బయల్దేరిందన్నారు. తలుపు మాత్రం ఎక్కడిది అక్కడే ఉంది.

డెబ్బై ఏడు ఎండాకాలంలో ఫ్యాక్టరీ నుంచి పని దుస్తుల కోసం పెద్ద ఆర్డరు వచ్చింది. కుట్టినవన్నీ ఇస్త్రీ చేసి ఇవ్వాలి. బొగ్గుల ఇస్త్రీ పెట్టెలు తెచ్చారు. షెడ్డులో ఓ మూల ఇస్త్రీ, మరో మూల కాన్వాసు ముక్కల గుట్ట, దాని పక్కన మిషన్లు తుడిచే కిరసనాయిలు డబ్బా. ఓ మధ్యాహ్నం తిండ్లయ్యాక ఇస్త్రీ పెట్టె రాజేస్తుంటే నిప్పురవ్వ ఎటు ఎగిరిందో ఎవరూ చూడలేదు. ముక్కల గుట్టలోంచి సన్నగా పొగ లేచేదాకా ఎవరికీ తెలియలేదు. తెలిసేసరికి డబ్బా అంటుకుంది.

ఆ వేళ వెంకటరమణమ్మ స్టోర్సుకు వెళ్లి ఉంది. ఆడవాళ్లంతా ఒక్కసారిగా తలుపు మీద పడ్డారు. లోపలికి తెరుచుకునే తలుపు మీద అంతమంది బరువు పడితే అదెలా తెరుచుకుంటుంది? వెనకవాళ్లు ముందుకు తోస్తున్నారు, ముందువాళ్లు వెనక్కి జరగండని అరుస్తున్నారు. చివరికి ఎవరో జుట్లు పట్టి లాగి సందు చేస్తే తలుపు తెరుచుకుంది. ఒకరి మీద ఒకరు పడుతూ, గడపకు తట్టుకుని మోకాళ్లు చెక్కుకుపోతూ, అందరూ బయటపడ్డారు. తలుపు మళ్లీ మూసుకుంది.

నర్సింహమ్మ మిషను దగ్గరనుంచి జరిగి, బండి మీదికి ఒరిగి, పొగలో తలుపు వైపు తోసుకుంటూ వచ్చింది. గడప దగ్గర బేరింగులు టక్కున ఆగాయి. ఒక చేత్తో తలుపు లాగితే రెండో చేత్తో గడప పట్టుకోవాలి. గడప పట్టుకుని ఒళ్లు లేపబోతే తలుపు వచ్చి మొహాన్ని కొడుతోంది. రెండుసార్లు కొట్టింది. కళ్లు మండుతున్నాయి. వీపు వెనక వేడి దగ్గరవుతోంది. అరవడానికి నోరు తెరిస్తే పొగ తప్ప ఏమీ లోపలికి పోలేదు.

అప్పుడు తలుపు బయటనుంచి తెరుచుకుంది.

"అక్కా!"

దేవమ్మ బయటపడి, అందరిలో వెతికి, లేదని తెలుసుకుని తిరిగి వచ్చింది. ఎప్పటిలాగే లోపలికి దిగింది, ఎప్పటిలాగే తలుపుకు వీపు ఆనించింది. ఎత్తాలంటే లోపలికి రాక తప్పదు, ఆ తలుపు తీరు అది. నర్సింహమ్మ చంకల కింద చేతులేసి ఎత్తి, ఈసారి నెమ్మదిగా దింపడానికి వ్యవధి లేక, గడప అవతలికి విసిరినట్టు తోసింది. నర్సింహమ్మ బయట కంకర మీద బోర్లా పడింది. పడి తల తిప్పి చూసేసరికి దేవమ్మ ఒక కాలు గడప మీద పెట్టింది. బండి కాళ్లకు అడ్డం పడి తూలింది. ఆమె కట్టుకున్నది నైలాను చీర. వెనక అంచుకు అంటుకున్న మంట ఒక్క గుక్కలో భుజం దాకా పాకింది.

నర్సింహమ్మ మోచేతుల మీద పాకుతూ వెళ్లింది. దోసిళ్లతో కంకర, మట్టి, చేతికి ఏది అందితే అది ఎత్తి విసిరింది. తనకున్న రెండు చేతులతో అంతకన్నా ఏం చెయ్యగలదు? ఫ్యాక్టరీలోంచి మగవాళ్లు ఇసుక బకెట్లతో పరుగెత్తుకొచ్చి, గోనె కప్పి మంట ఆర్పారు.

దేవమ్మను హైదరాబాదులో పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. మర్నాడు నర్సింహమ్మ పట్టుబట్టడంతో చిన్నరాములు ఆమెను వీపున వేసుకుని బస్సెక్కించాడు, వీపున వేసుకునే మెట్లెక్కించాడు. మంచం పక్కన మల్లమ్మ నేలమీద కూర్చుని ఉంది. తలెత్తి చూసింది, మళ్లీ దించుకుంది. దేవమ్మ మొహం మాత్రం బాగానే ఉంది. కళ్లు తెరిచి, నర్సింహమ్మను గుర్తుపట్టి, పెదవులు కదిపింది.

"అక్కా... నీ బండి లోపలనే ఉండిపాయె."

"పోతే పోనీ చెల్లె. పోనీ."

"మల్ల... ఎట్ల తిరుగుతవ్?"

ఆ రాత్రి గడవకముందే దేవమ్మ పోయింది.

విచారణ జరిగింది. ఢిల్లీ మాటా హైదరాబాదు మాటా కలవని ఇన్నేళ్ల వ్యవహారం అప్పుడు నెలలోపే కలిసింది. అటు కేంద్రం అధికారులూ ఇటు రాష్ట్రం అధికారులూ ఒకే జీపులో వచ్చారు. గడప తీసెయ్యమన్నారు. తలుపును రెండు రెక్కలు చెయ్యమన్నారు. బయటికి తెరుచుకోవాలన్నారు, స్ప్రింగు ఉండకూడదన్నారు. బయట మెట్టు బదులు వాలు గచ్చు చెయ్యమన్నారు. రామలింగేశ్వరరావు దగ్గరుండి పని చేయించాడు. గడప పగలగొడుతున్న రోజు ఆయన తిండి కూడా తినలేదని వాళ్ల ఇంట్లో వాళ్లు చెప్పారు.

ఆ ఉత్తర్వుల కాగితంలోనే ఇంకో మాట ఉంది. ప్రమాదం వేళ దారికి అడ్డు కాకుండా, నడవలేని వాళ్లెవరినీ ఇకమీదట షెడ్డులో పనికి పెట్టుకోకూడదన్న మాట.

వెంకటరమణమ్మ దాన్ని చదివి నేరుగా రామలింగేశ్వరరావు ఆఫీసుకు వచ్చింది. ఈసారి కూర్చోలేదు.

"సరైన తలుపు లేనప్పుడు ఆవిడ లోపల ఉండొచ్చు. తలుపు వచ్చాక ఉండకూడదా? ఇదెక్కడి న్యాయమండీ?"

"నా చేతుల్లో లేదమ్మా."

"అప్పుడూ అదే అన్నారు."

ఆయన బల్ల మీద గాజుపలక వైపు చూపు దించుకున్నాడు. "రేపు మళ్లీ ఏదైనా అయితే పూచీ ఎవరిదని పైవాళ్లు అడుగుతున్నారు. నేనేం చెప్పను?" అన్నాడు. వెంకటరమణమ్మ రాసింది, తిరిగింది, సంఘం సమావేశంలో గొంతెత్తి మాట్లాడింది. సంఘంలో కొందరు ఆడవాళ్లే తల వంచుకుని, "ఏమోనమ్మా, మాకు భయమైతున్నది" అన్నారు. ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

నర్సింహమ్మకు పని పోయిందన్న బాధ నిజంగా అంతగా తెలియలేదు. ఆమె మనసు అక్కడ లేదు. బస్తీలో నీళ్ల బావి దగ్గర మాటలు ఆమె చెవిన పడుతూనే ఉన్నాయి. "కుంటిదాన్ని ఎత్తపోయి బంగారమసొంటి పిల్ల పాణం ఇడిసె" అనేవారు. అన్నవాళ్ల మీద ఆమెకు కోపం రాలేదు, తనూ అదే అనుకుంటోంది కాబట్టి.

చిన్నరాములు కొత్త బండి చేసిపెట్టాడు. దాని మీద ఆమె మొదట వెళ్లింది మల్లమ్మ ఇంటికి. ఇంటి ముందు కూర్చుని పిలిచింది. లోపల గిన్నెల చప్పుడు ఆగింది. కాసేపటికి మల్లమ్మ గొంతు వినిపించింది.

"ఎందుకొచ్చినవ్?"

"నిన్ను సూద్దామని, అవ్వా" అంది.

"సూసినవ్ గద. పో."

పోయింది. మళ్లీ కొన్నాళ్లకు వచ్చింది. ఈసారి మల్లమ్మ పొమ్మనలేదు, బయటికి రాలేదు కూడా. నర్సింహమ్మ కాసేపు కూర్చుని వెళ్లింది. అలా ఎన్నిసార్లో. తనతో మాట్లాడమని ఆమె ఎన్నడూ అడగలేదు.

వెంకటరమణమ్మ తన సొంత మిషను ఒకటి నర్సింహమ్మ గుడిసెకు పంపింది. బడిపిల్లల నిక్కర్లు, లంగాలు, బస్తీ ఆడవాళ్ల రవికెలు కుట్టుకుంటూ నర్సింహమ్మ బతుకు నెట్టుకొచ్చింది. మరుసటి ఏడు వెంకటరమణమ్మ భర్తకు బదిలీ అయింది. సంఘం వాళ్లు షెడ్డులో వీడ్కోలు పెట్టుకున్నారు. నర్సింహమ్మ రాకపోతే నేను రానని ఆమె కచ్చితంగా చెప్పింది. గంటసేపే కదా అని ఎవరూ అడ్డు చెప్పలేదు.

నర్సింహమ్మ ఆ వాలు గచ్చు మీదుగా వెళ్లింది. తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచి ఉన్నాయి. నేల బయటా లోపలా ఒకే మట్టంగా ఉంది. బండి ఎక్కడా ఆగలేదు. అలవాటుకొద్దీ ఆమె భుజాలు రెండూ పైకి లేచాయి, ఎవరో చంకల కింద చేతులు పెడతారన్నట్టు. ఎవరూ పెట్టలేదు. లోపలికి వచ్చేసింది. గోడ ఒక పక్క ఇంకా నల్లగానే ఉంది, సున్నం కొట్టినా మసి పైకి తేలుతోంది. ఆడవాళ్లు జరిగి చోటిచ్చారు. ఎవరో దండ చేతికిచ్చి వెంకటరమణమ్మ మెడలో వెయ్యమన్నారు. వెంకటరమణమ్మ మోకాళ్ల మీద కూర్చుని తల వంచింది.

"నీకోసం నేను చెయ్యగలిగింది ఏమీ లేకపోయింది నర్సింహమ్మా" అంది చెవిలో.

"మీరట్ల అనకుండ్రమ్మా. మిషను నేర్పింది మీరే గద" అంది నర్సింహమ్మ. దండ వేసి, పలహారం పంచకముందే బయటికి వచ్చేసింది. ఆ తలుపులోంచి ఆమె మళ్లీ లోపలికి వెళ్లలేదు.

ఆ వానాకాలంలో ఒక మధ్యాహ్నం ముసురు పట్టి ఉంది. నర్సింహమ్మ గుడిసెలో మిషను ముందు కూర్చుని ఉంది. వాకిట్లో ఎవరో గోనె సంచి తల మీద కప్పుకుని నిలబడ్డారు. మల్లమ్మ. ఏడాదిలో పదేళ్లు మీద పడ్డట్టు చిక్కిపోయింది. చంకలో ఒక చిరిగిన రవికె.

"గిది జెర కుట్టిస్తవా?"

"ఇయ్యవ్వా. లోపలికి రా, తడుస్తున్నవ్."

మల్లమ్మ లోపలికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. నర్సింహమ్మ చిరుగు సరిచేసి, దారం కొరికి, రవికె అందించింది. మల్లమ్మ తీసుకుంది గానీ లేవలేదు. ఒళ్లో రవికెను మడతపెడుతూ, విప్పుతూ, మళ్లీ మడతపెడుతూ కూర్చుంది. బయట వాన కాస్త పెరిగింది.

"ఒక మాట అడుగుత. నిజం చెప్తవా?"

నర్సింహమ్మ చేతులు మిషను చక్రం మీదే ఉండిపోయాయి. ఏడాదిగా ఆమె ఎదురుచూస్తున్న మాట అది. నా బిడ్డను ఎందుకు పిలిచినవ్, ఎందుకు పొమ్మనలేదు, అని అడుగుతుందనుకుంది. అడిగితే తిట్టించుకోవడానికి, కొట్టించుకోవడానికి కూడా సిద్ధంగా ఉంది.

"చెప్త అవ్వా. అడుగు."

"ఆ దినం పొద్దుగాల నాతోని లొల్లి పెట్టుకున్నది. మొగని దగ్గరికి మల్ల పొమ్మన్ననని. కోపంల సద్దిగిన్నె పట్టుకుని ఎల్లిపోయింది. గిన్నె మల్ల నాకు రాలె. కాలిపోయిందేమో. గందుల తిన్నదో, తినకుంటనే పోయిందో... గదొక్కటే నాకు తెల్వది. ఎవ్వలనడగాలె? నువ్వే గద పక్కన ఉన్నది."

నర్సింహమ్మ ఎదురుచూసింది ఇది కాదు. కొంగుతో మొహం తుడుచుకుని, ఒక్కో మాటే కూడబలుక్కుని చెప్పింది.

"తిన్నది అవ్వా. మంచిగ తిన్నది. జొన్నరొట్టె, చింతచిగురు పప్పు. కారం జెర ఎక్కువైందని అన్నది. నాకు సగం రొట్టె తుంచి పెట్టింది. ‘మా అవ్వ కోపంల ఉన్నప్పుడే కూర మంచిగ చేస్తది’ అని నవ్వింది."

"నవ్విందా?"

"నవ్వింది."

మల్లమ్మ తల గోడకు ఆనించి కళ్లు మూసుకుంది. కన్నీళ్లు చెంపల మీదినుంచి మెడ దాకా కారుతున్నా తుడుచుకోలేదు. నర్సింహమ్మ బండి తోసుకుని దగ్గరకు వచ్చి, ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది. మల్లమ్మ ఆ చెయ్యి తీసెయ్యలేదు.

వాన వెలిశాక కూడా ఆమె వెంటనే పోలేదు. "పొయ్యి మీద ఏం పెట్టినవ్?" అని అడిగింది.

"ఇంకా ఏం పెట్టలె అవ్వా."

మల్లమ్మ మోకాలి మీద చెయ్యి ఆనించుకుని లేచి, మూలనున్న కట్టెలు పొయ్యి దగ్గరకు చేర్చింది. తడి కట్టెలు ఒకపట్టాన అంటుకోలేదు. ఆమె వంగి ఊదుతూ ఉంటే, నర్సింహమ్మ చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరడం మొదలుపెట్టింది.